అమ్మమ్మ పేర్చిన బల్ల

మా ఇంట్లో చదరంగం పేర్చే పని నాది, ఆడే పని నాన్నదీ అన్నయ్యదీ. ఆట అయ్యాక పావులు ఏరి డబ్బాలో పెట్టడమూ నాదే. పేర్చేటప్పుడు గుర్రాల మొహాలు మంత్రి వైపు తిప్పిపెట్టేదాన్ని. అవి ఎటు చూస్తున్నా ఆటకి తేడా రాదు కనక ఎవరూ అడ్డు చెప్పలేదు.

గొడవంతా వేసవిలో అమ్మమ్మ వచ్చినప్పుడే. ఎవరి మంత్రి వాళ్ళ ఎడమచేతి వైపుండాలనేది ఆమె. అలా పెడితే ప్రతి రాజుకీ ఎదురుగా అవతలి మంత్రి నిలబడుతుంది. నాన్న నవ్వి, "తెల్లమంత్రి తెల్లగడిలో, నల్లమంత్రి నల్లగడిలో అండీ అత్తయ్యగారూ, రాజుకెదురు రాజే" అని సరిదిద్దేవారు. బంటు గుర్రం వరసలో చివరిదాకా వెళ్తే గుర్రమే అవుతుందని కూడా అనేది అమ్మమ్మ. అందరూ నవ్వేవాళ్ళు. ఆమె లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేది. ఆమెకి ఆట రాదని ఇంటిల్లిపాదీ నమ్మాం. నేనూ నమ్మాను. ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఎన్నో ఏళ్ళ తర్వాత, హెచ్.జె.ఆర్. మర్రే 1913లో ప్రచురించిన చదరంగ చరిత్ర తిరగేస్తుంటే అమ్మమ్మ బల్ల కనిపించింది. రాజుకెదురుగా మంత్రి, చేరిన వరసని బట్టి బంటుకి పదవి. రెండూ ఈ దేశపు పాత ఆట పద్ధతులే. మన పాత బల్లలకి నలుపు తెలుపు గళ్ళు ఉండేవి కావు, ఉత్త గీతలే. రెండు రంగులు యూరప్‌లో వచ్చిన అలవాటు. రంగే లేనిచోట సొంత రంగు గడి ఎక్కడినుంచి వస్తుంది? కుడిచెయ్యీ ఎడమచెయ్యే గుర్తు. నాన్న సరిదిద్దినది తప్పుని కాదు, ఇంకో ఆటని.

ఆ రాజు పక్క గడి చరిత్ర మనకి మరీ ముఖ్యం. మన మంత్రి, పర్షియాలో ఫర్జీన్, ఐమూలగా ఒక్క గడే కదిలేవాడు. క్రీస్తుశకం 1000 ప్రాంతంలో, స్విట్జర్లాండ్‌లోని ఐన్‌సీడెల్న్ మఠంలో దొరికిన లాటిన్ పద్యంలో ఆ గడిలో రాణి కనిపిస్తుంది. అయినా నడక అదే, ఒక్క గడి. 15వ శతాబ్దం చివర, స్పెయిన్‌లో, ఆమెకి బల్లంతా తిరిగే బలం వచ్చింది. మారిలిన్ యాలమ్ 2004లో రాసిన పుస్తకంలో దీన్ని 1474లో కాస్టిలే గద్దెనెక్కిన ఇసబెల్లాతో ముడిపెట్టింది. నాకు పూర్తిగా నమ్మకం కుదరలేదు. 1492లో యూదుల్ని వెళ్ళగొట్టిన రాణిని తలుచుకుని సంబరపడటమూ కష్టమే. నన్ను ఆపింది ఆ కొత్త ఆటకి ఫ్రెంచివాళ్ళు పెట్టిన పేరు: 'పిచ్చెత్తిన రాణి' ఆట. ఒక్క గడి కదిలినంతకాలం ఆమె రాణే, బల్లంతా తిరగగానే పిచ్చిది!

రాణికి బలమొచ్చాక ఆడవాళ్ళకి ఆట దక్కిందా అంటే అదీ లేదు. ఆట వేగం పెరిగి, పందేలతో కాఫీ హౌసుల్లోకి వెళ్ళింది. అక్కడ మనకి చోటు లేదు. 1927లో మహిళల ప్రపంచ విజేత అయిన వెరా మెన్చిక్ 1929లో కార్ల్స్‌బాద్‌లో మగవాళ్ళతో ఆడటానికొస్తే, ఆమె చేతిలో ఓడినవాళ్ళకి ఓ క్లబ్బు పెడదామని ఆల్బర్ట్ బెకర్ ఎగతాళి చేశాడు. మొదటి సభ్యుడు ఆయనే అయ్యాడనుకోండి.

మరి తెలుగులో మనం ఆ పావుని ఏమనాలి? ఈ మధ్య పిల్లలు రాణి అంటున్నారు. నేను మాత్రం మంత్రి అనే అంటాను. రాణి అక్కడికి పెళ్ళి చేసుకుని వచ్చింది. మంత్రి ఉద్యోగం చేస్తోంది. చేస్తోంది అనే అంటాను.

2002లో కోనేరు హంపి గ్రాండ్‌మాస్టరైనప్పుడు పేపర్లో ఫోటో చూపిస్తే, అమ్మమ్మ కళ్ళజోడు పెట్టుకుని బల్లనే చూసింది. "ఇక్కడా రాజుకెదురు రాజేనా?" అంది. ఆమెకి ఆట ఎవరు నేర్పారో అప్పుడైనా అడగాల్సింది. మొన్న అమ్మని అడిగాను. "వాళ్ళ వదినతో ఆడేదనుకుంటా, మధ్యాహ్నంపూట, తలుపేసుకుని" అంది.