సన్ సిటీ కట్టిన డెల్ వెబ్

విశ్రాంత జీవుల కోసం ఏకంగా ఊరే కట్టిన డెల్ వెబ్ 1899లో కాలిఫోర్నియాలోని ఫ్రెస్నోలో జన్మించాడు. వడ్రంగం నేర్చాడు, బేస్‌బాల్ ఆడాడు. టైఫాయిడ్ పట్టి పీడించడంతో ఆట మాని, ఆరోగ్యం కోసం ఆరిజోనా రాష్ట్రంలోని ఫీనిక్స్ చేరి కాంట్రాక్టరయ్యాడు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో జపాన్ సంతతి అమెరికన్లను నిర్బంధించిన పోస్టన్ శిబిరం ఆయన కంపెనీ కట్టిందే. ఈ సంగతీ చెప్పుకోవాలి.

రిటైరైనవారు పిల్లలను వదిలి ఎడారికి పోరని నిపుణులన్నారు. వెబ్ ముందుగా అంగళ్లు, గోల్ఫ్ మైదానం, వినోద కేంద్రం కట్టించి, ఆ తర్వాతే ఇళ్లు అమ్మకానికి పెట్టాడు. (హద్దురాళ్లు పాతి ప్లాట్లు అమ్మే మనవాళ్లు గమనింతురుగాక!) 1960 జనవరి 1న సన్ సిటీ తెరిస్తే మూడు రోజుల్లో సుమారు లక్షమంది చూడవచ్చారు. 1962లో టైమ్ పత్రిక ఆయన బొమ్మను ముఖచిత్రంగా వేసింది.

ఇంట్లో ఒకరికైనా 50 ఏళ్లు నిండాలి, బడి ఈడు పిల్లలు కాపురముండరాదు, ఇదీ అప్పటి నిబంధన. మనవలు వచ్చి చూసి పోవలసిందే. అంతవరకు సరే. కాని ఆ ఊరి పెద్దలు తమ ప్రాంతపు పియోరియా బడుల నిర్మాణానికి పెట్టిన బాండ్లను పదే పదే ఓట్లతో ఓడించారు. జీవితమంతా ప్రజల పన్నులతో జీతం తీసుకున్న మనబోటివారికి ఇది మింగుడు పడదు.

వెబ్ 1974 జులై 4న కన్నుమూశాడు.