అవ్వ పండ్లు – ఇంటి తెలుగు

ధర్మవరము రామకృష్ణమాచార్యులు (1853–1912), బళ్లారి రాఘవ (1880–1946) వంటి మహనీయుల వలన తెలుగు నాటకమునకును, స్పష్టమైన తెలుగు వాచికమునకును మన బళ్లారి పేరుపొందినది. 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రరాష్ట్రమునకు పోగా, బళ్లారి మైసూరు రాష్ట్రమున చేరినది. నాటినుండి మన పిల్లలలో పెక్కుమందికి తెలుగు నేర్పు తొలి బడి తాతల, అవ్వల నోరే.

చలి, చుక్క, జొన్న అను మాటలలోని చ, జ లు దంత్యములు. వానిని పలుకుటకు నాలుక కొన పైపండ్ల వెనుక ఆనవలెను. కన్నడ బడిలో ఈ ధ్వనులను నేర్పరు. ముందుపండ్లు ఊడిన అవ్వ నోట ఇవి తడబడును. జొన్నరొట్టె నమలలేక ఆమె బలము తగ్గును. నలుగురిలో నవ్వ జంకి మాటయు తగ్గించును. ఆమె మౌనముతో ఇంటి బడియు మూతపడును.

పండ్లూడుట ముసలితనపు ధర్మమని మనము సరిపెట్టుకొనుచున్నాము. అది సరికాదు. పుచ్చు, చిగుళ్ల వ్యాధి, పొగాకు దీనికి ముఖ్య కారణములు. ఎనుబదియేండ్లకును ఇరువది పండ్లు నిలువవలెనని జపానువారు 1989లో ఉద్యమము ప్రారంభించిరి. మనమును దినమునకు రెండుమార్లు పెద్దలచే పండ్లు తోమింతము. చిగుళ్ల నెత్తురు కనబడిన వెంటనే వైద్యునకు చూపుదము. అవ్వకు కట్టుడుపండ్లు పెట్టించుట సోకు కాదు, ఇంటి తెలుగును నిలుపుకొనుట.