చదివి వినిపించిన వాంగ్మూలం

ఆదోని 1800లో నిజాం చేతి నుంచి ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చింది. అలా వచ్చిన దత్తమండలాలను ఏడేళ్లు పాలించిన థామస్ మన్రో, పరాయి జడ్జి కన్నా ఊరిని ఎరిగిన మనిషే తగవు బాగా తీర్చగలడని నమ్మాడు. ఆయన పట్టుదల వల్లే 1816 రెగ్యులేషన్లు పది రూపాయల లోపు దావాలను గ్రామ మున్సిఫుకు అప్పగించాయి. సాక్షి ఎలాంటివాడో మున్సిఫుకు ముందే తెలుసు. దావా పెద్దదై, అప్పీలు దాకా వెళ్లినప్పుడు ఆ ఎరుక వెంట రాదు. పై కోర్టు జడ్జికి సాక్షి ముఖం కనిపించదు, కాగితం ఒక్కటే కనిపిస్తుంది. అందుకే ఆ కాగితాన్ని ఎవరు రాశారు, ఎవరి ఎదుట రాశారు అన్నదే న్యాయానికి ఆయువుపట్టయింది.

1859 సివిల్ ప్రొసీజర్ కోడ్ దీన్ని గుర్తించింది. సాక్ష్యాన్ని జడ్జి స్వయంగా గానీ, ఆయన కళ్లెదుట గానీ రాయాలి. ప్రశ్నలు, జవాబులుగా విడదీయకుండా ధారగా రాయాలి. పూర్తయ్యాక సాక్షి సమక్షంలో చదివి వినిపించాలి, తప్పుంటే దిద్దాలి, జడ్జి సంతకం చేయాలి. 1908 కోడ్ కూడా 18వ ఆర్డరులో ఇదే పద్ధతిని నిలిపింది. ధారగా రాయడంలో ఒక ప్రమాదం ఉందన్న ఆక్షేపణ సరైనదే. ప్లీడరు వేసిన ప్రశ్న కాగితంలో కనిపించదు, సాక్షి ఔనన్న ముక్క అతని సొంత మాటగా మారిపోతుంది. పొలం గట్టు దావాలో, ప్రోనోటు దావాలో ఒక్క మాట తేడా వస్తే ఆస్తి చేతులు మారుతుంది. ఈ ప్రమాదానికి విరుగుడుగానే చదివి వినిపించడాన్ని పెట్టారని నా నమ్మకం. సంతకం రాని రైతుకు కూడా ‘నేనలా అనలేదు’ అని జడ్జి ఎదుటే చెప్పే అవకాశం అక్కడ ఉండేది.

1976 సవరణ టైపు మిషనుకు, యంత్రాలతో నమోదుకు చోటిచ్చింది. ఆ సవరణలో సాక్షులందరికీ చదివి వినిపించాలన్న షరతు 18వ ఆర్డరు అయిదో రూలు నుంచి జారిపోయింది. తనకు తెలియని భాషలో రాసినప్పుడు సాక్షికి అనువదించి చెప్పాలన్న ఆరో రూలు మాత్రం మిగిలింది. 2002 జులై 1 నుంచి ముఖ్య విచారణ అఫిడవిట్ రూపంలోకి మారింది, క్రాస్ పరీక్షను కమిషనర్ కూడా నమోదు చేయవచ్చు. సేలం న్యాయవాదుల సంఘం కేసులో సుప్రీంకోర్టు ఈ మార్పులను సమర్థించింది. దావాలు ఏళ్ల తరబడి నానుతుంటే ఇంకేం చేయాలని అడిగేవారున్నారు. ఆ బాధ నిజమైనదే, అఫిడవిట్ వల్ల కోర్టు సమయం మిగులుతుందన్నదీ నిజమే. చదువురాని వారికి చదివి వినిపించినట్టు అఫిడవిట్ కిందే రాస్తారు కదా అని కూడా అంటారు. కానీ ఆ చదవడం సాక్షిని పిలిచిన పక్షం వకీలు ఆఫీసులో జరుగుతుంది. అక్కడ జడ్జి ఉండడు, ఎదుటి పక్షమూ ఉండదు. మాటలు కూర్చేది వకీలు, వాటికి క్రాస్‌లో జవాబు చెప్పాల్సింది సాక్షి. సాక్షి తడబాటును, తీరును జడ్జి రాసుకోవచ్చన్న పన్నెండో రూలు ఇంకా ఉంది. కానీ సాక్షి తన కథ తానే చెప్పే ఘట్టం కోర్టులో లేకపోతే, జడ్జి ఆ తీరును చూసే అవకాశం సగానికి సగం తగ్గినట్టే.

పాత పద్ధతికి పూర్తిగా తిరిగి వెళ్లమని అడగడం లేదు. క్రాస్ మొదలయ్యే ముందు అఫిడవిట్‌ను తెలుగులో, జడ్జి సమక్షంలో సాక్షికి చదివి వినిపించి, దిద్దుబాట్లుంటే అక్కడికక్కడే నమోదు చేయాలి. ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతపు న్యాయవాదులు తమ సాక్షుల విషయంలో ఈ కోరికను ముందుగా కోర్టు ఎదుట ఉంచాలి.