ఓవర్సీరు చదువు

వేంసూరు, సత్తుపల్లి పల్లెల్లో పదో తరగతి గట్టెక్కిన పిల్లలు పాలిసెట్ రాసి సివిల్ డిప్లొమాలో చేరితే, పెద్ద చదువు అందనివాళ్ల దారి అది అనుకోవడం పరిపాటి. చరిత్ర చూస్తే ఈ మాట నిలవదు. తెలుగునేల మీద పెద్ద కట్టడం తలపెట్టిన ప్రతిసారీ గొలుసు పట్టి కొలిచి, నక్షా చదివి, కూలీల పక్కన నిలబడి పని చేయించే మనిషి కావలసివచ్చాడు. డిప్లొమా ఆ అవసరంలోంచే పుట్టింది. 1794లో సర్వేయరు మైఖేల్ టాపింగ్ మద్రాసులో 8 మంది కుర్రాళ్లతో సర్వే బడి తెరిచాడు. అదే తర్వాత గిండీ ఇంజనీరింగ్ కాలేజీ అయింది. తెలుగు తీరాన్ని, డెల్టాలను కొలిచిన టాపింగ్ 1796లో మచిలీపట్నంలో కన్నుమూశాడు. 1847లో ధవళేశ్వరం ఆనకట్ట మొదలైనప్పుడు కూడా మనవాళ్లకు గోదావరి గట్టే బడి. అయిదేళ్లలో ఆ పని పూర్తయిందంటే దాన్ని నడిపిన ఇంజనీరు కాటన్ మేధతో పాటు, ఆయన దగ్గర ఓవర్సీరుగా పనిచేస్తూ వేలమంది కూలీలను నడిపించిన వీణం వీరన్న నేర్పు కూడా కారణం.

నిజాం ఏలుబడిలో మన ఖమ్మం వైపు పాలేరు, వైరా జలాశయాలు వెలిసిన రోజుల్లోనే, 1929లో, ఉస్మానియా ఇంజనీరింగ్ కాలేజీ వచ్చింది. కాకినాడలో ఆంధ్రా పాలిటెక్నిక్ 1946 నాటిది. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగాక ఈ చదువుకు గిరాకీ పెరిగింది. డ్యాము ఒకచోటే ఉంటుంది. కాలువ మాత్రం ఖమ్మం పొలాల దాకా సాగాలి, ప్రతి తూము దగ్గరా మట్టం చూసేవాడు ఉండాలి. ఎల్‌సీఈ, అంటే సివిల్ డిప్లొమా, చదివిన కుర్రాడు ఊళ్లో ఓవర్సీరుగారు అయ్యింది అప్పుడే.

అమెరికాలో 1901లో జోలియట్ కాలేజీతో మొదలైన కమ్యూనిటీ కాలేజీ ఆలోచనకు దగ్గరగా మన దేశంలో వచ్చింది 1978–79 నాటి కమ్యూనిటీ పాలిటెక్నిక్ పథకం. 36 పాలిటెక్నిక్‌లతో మొదలైంది. పల్లె యువతకు పనులు నేర్పడం, కాలేజీలోని సాంకేతికతను ఊళ్లోకి తేవడం దాని ఉద్దేశం. ఎంతో విలువైన ఆలోచన. కానీ అది అసలు డిప్లొమా చదువులో కలిసిపోకుండా పక్కన తగిలించిన పథకంగానే ఉండిపోయింది. అక్కడే మనం నష్టపోయాం.

పేద, గిరిజన పిల్లలను కింది మెట్టు మీదే ఆపే చదువు కాదా ఇది అని అడిగేవారున్నారు. న్యాయమైన ప్రశ్నే. అందుకే ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరే తలుపు తెరిచే ఉండాలి. అయితే మూడేళ్ల చదువంతా ఆ ర్యాంకు కోసమే సాగితే సైటు పని ఎవరికీ రాదు. టోటల్ స్టేషన్ లాంటి సర్వే యంత్రాలు, డ్రోన్ వచ్చాక ఈ మనుషులెందుకన్న వాదన ఇంకా బలహీనమైనది. యంత్రం మట్టాన్ని చెబుతుంది. కాంక్రీటుకు సరిగా నీళ్లు పెట్టారో లేదో, కట్ట మట్టిని దిమ్మిస చేశారో లేదో నిలబడి చూడాల్సింది మనిషే. భద్రాచలంలో గిరిజన విద్యార్థుల కోసం మోడల్ రెసిడెన్షియల్ పాలిటెక్నిక్ ఉంది. సీతారామ ఎత్తిపోతల కాలువలు, ఖమ్మం–దేవరపల్లి రహదారి ఈ ప్రాంతంలోనే ఉన్నాయి. డిప్లొమా పిల్లల పారిశ్రామిక శిక్షణ ఇలాంటి పనుల మీదే, జీతం ఇచ్చి, ఇంజనీరు సంతకంతో కొలతల పుస్తకం రాయిస్తూ జరగాలి.