ఆపాతమధురము, ప్రాత చింతకాయ

హైదరాబాదు పాతబస్తీలోని మాదన్నపేట, గోలకొండ నేలిన కడపటి కుతుబ్‌షాహీ ప్రభువు అబుల్‌హసన్ తానాషాకు ప్రధానియై, 1687లో ఆ దుర్గము మొగలాయీల వశమగుటకు మునుపే హతుడైన మాదన్న పేరిట వెలసినది. తెలుగును దక్కనీయు ఇరుగుపొరుగున మసలు ఈ పేటలో ప్రాతదనమును మెచ్చు మాటలను గ్రంథములలో గాక, తొలుత బజారులోనే వెదకవలెను.

బియ్యము కొనవచ్చిన ఇల్లాలు వెల యడుగుటకు ముందు "పాతవేనా?" యని యడుగును, పక్కనున్న పొరుగింటామె "పురానా చావల్" కావలెననును. ఏడాది నిలువయున్న బియ్యము మెతుకు మెతుకుగా విడివడి ఒదుగునిచ్చును, కొత్తబియ్యము ముద్దకట్టును. కనుకనే ప్రాతవానికి వెల హెచ్చు.

చింతకాయ మహిమ అంతకంటె గొప్పది. చలికాలమున మండీనుండి పచ్చి చింతకాయను తెచ్చి, ఉప్పును పసుపును చేర్చి దంచి, జాడీలో ఊరవేసి, కొన్నాళ్ళకు వెలికి తీసి పీచును గింజలను ఏరి, మరల దంచి, వాసెనగట్టి యుంచిన పచ్చడి ఏండ్లు గడచినకొలది నలుపెక్కి రుచి ముదురును. బాలింతకు పథ్యముగా మన ముత్తవలు పెట్టినది ఆ ప్రాత పచ్చడియే. ఇట్టి వస్తువు పేరు చర్వితచర్వణమునకు నిందావాచకముగా స్థిరపడుట తలచుకొన్నచో మనసు నొచ్చును.

పాటల విషయమున మాత్రము తెలుగువారు ఉదారులైరి. నిజాము కాలపు దక్కన్ రేడియో 1950లో ఆకాశవాణిలో చేరి, 1957లో వివిధభారతి వెలసిన పిమ్మట సినిమాపాట ఇంటింటి సొత్తయ్యెను. 1974లో ఘంటసాల గతించునాటికి 'పాతాళభైరవి' (1951), 'దేవదాసు' (1953), 'మాయాబజార్' (1957) పాటలు ఒక తరము బాల్యస్మృతులతో ముడివడి యుండెను. ఇట్టి పాటలకు రేడియోవారును, కేసెట్లవారును, టీవీవారును వాడుక చేసిన పేరు 'ఆపాతమధురాలు'.

సంస్కృతమున ఆపాతమనగా తారసపడిన తత్క్షణము. సంగీతము విన్నంతనే తీయనిదనియు, సాహిత్యము ఆలోచించినకొలది అమృతమనియు చెప్పు ప్రసిద్ధ శ్లోకమునుండి మనకు దిగిన పదమిది. ప్రాతదనముతో దీనికి సంబంధము లేదు. కాని తెలుగు చెవి దానిని 'ఆ పాత మధురాలు' అని విఱిచి విన్నది, ఆ విన్నదే వాడుకయైనది. పండితులు దీనిని అపార్థమందురు. నేనట్లనజాలను. విన్నంతనే తీపియై, యేబదియేండ్లు గడచినను తీపి తఱుగని పాటకు రెండర్థములును చెల్లును. ఆ రెంటిని ఒక్క పదమున నిమిడ్చినది జనుల ప్రతిభ.

నేటి యువకులు తాము మెచ్చిన నటుడు మునుపటి ఠీవితో తెరపై కనబడినచో 'వింటేజ్' అందురు. 2023లో 'వాల్తేరు వీరయ్య' వచ్చినపుడు 'వింటేజ్ చిరంజీవి' అను మాట అభిమానుల నోట మార్మోగినది. ఆ ఆంగ్లపదము ద్రాక్షకోతనుండి పుట్టి, ఏ యేటి పంటతో చేసినదో చెప్పి అమ్ము ద్రాక్షాసవమునకు బిరుదై, పిదప మాగిన ప్రతి మంచి వస్తువునకును ప్రాకినది. మాగిన ద్రాక్షకు గౌరవమును, మాగిన చింతకాయకు గేలియు దక్కుట న్యాయము గాదు. చదువరులారా, నచ్చని కథను చప్పిడిదనుడు, సాగతీతయనుడు. ప్రాత చింతకాయ పచ్చడి యను మాటను మాత్రము మెచ్చుకోలుకే వాడుడు.