‘భ్రూణహత్య’ పదం – గర్భస్రావ చట్టం: ఒక చారిత్రక పరిశీలన

తెలుగు స్త్రీల వ్యవహారంలో గర్భాన్ని చెప్పే మాటలు ఎక్కువగా స్త్రీని కర్తగా నిలుపుతాయి. ‘నెల తప్పింది’ అన్నప్పుడు చెబుతున్నది రాని ముట్టును గురించి. ‘నీళ్లోసుకుంది’, ‘కడుపుతో ఉంది’ అన్నప్పుడు చెబుతున్నది ఆమె స్థితిని గురించి. గర్భం నిలవకపోతే ‘కడుపు పోయింది’ అంటారు, కావాలని తొలగించుకుంటే ‘కడుపు తీయించుకుంది’ అంటారు. ఈ రెండో మాటలో నింద ధ్వనించవచ్చు, జాలీ ధ్వనించవచ్చు; హత్య అన్న అర్థం మాత్రం మాటలో లేదు. ‘భ్రూణహత్య’ గ్రంథాల నుంచి దిగివచ్చిన పదం. ధర్మశాస్త్రంలో పాపంగా, సంస్కరణోద్యమంలో వాదంగా, నేటి పత్రికల్లో నేరంగా ఈ పదం మారిన తీరును చట్టం నడకతో కలిపి చూడవలసి ఉంది.

ధర్మశాస్త్ర వాఙ్మయంలో ‘భ్రూణ’ శబ్దానికి గర్భస్థ శిశువు అనే అర్థంతో పాటు వేదవేత్తయైన బ్రాహ్మణుడు అనే అర్థం కూడా ఉంది. మనుస్మృతి ప్రాయశ్చిత్త ప్రకరణం ‘తెలియని’ గర్భాన్ని చంపినవారికి బ్రహ్మహత్యకు చెప్పిన ప్రాయశ్చిత్తాన్నే విధిస్తుంది. తెలియనిది అంటే ఆడో మగో తెలియనిది అని వ్యాఖ్యాతలు వివరించారు. పుట్టబోయేది మగశిశువు కావచ్చుననే సంభావ్యతే పాపపు బరువును నిర్ణయించిందన్నమాట. ఈనాడు ఆడపిండాన్ని తొలగించడానికే ప్రధానంగా వాడుతున్న పదానికి మూలంలో ఉన్న తూకం ఇది!

అదే వాఙ్మయంలో మరో ధోరణి కూడా ఉంది. ఆశౌచం లెక్కించే సందర్భంలో పరాశరస్మృతి నాలుగో నెల వరకు జారినదాన్ని ‘స్రావం’ అనీ, అయిదారు నెలల్లో పోయినదాన్ని ‘పాతం’ అనీ, ఆపైన ప్రసవం అనీ విభజించింది. సుశ్రుతసంహిత కూడా నాలుగో నెల తరువాత శరీరం స్థిరపడుతుందన్న కారణంతో ఇదే విభాగం చేసింది. ఇది అనుమతి కాదు. మైలను, చికిత్సను నిర్ణయించడానికి చేసిన లెక్క మాత్రమే. అయినా గర్భం మొదటి దినం నుంచి చివరి దినం వరకు ఒకే వస్తువని ఆ గ్రంథకర్తలు భావించలేదని దీనివల్ల తేటపడుతుంది. పదమూడో శతాబ్దిలో కేతన మితాక్షరను ‘విజ్ఞానేశ్వరము’గా తెనిగించి, ఆచార, వ్యవహార, ప్రాయశ్చిత్త కాండల పరిభాషను తెలుగు పద్యంలోకి తెచ్చాడు. వ్యవహారం రాజసభకు చెందినది, ప్రాయశ్చిత్తం పరిషత్తుకు చెందినది. ఈ రెంటికీ నడుమనున్న గోడను కూల్చినది వలస ప్రభుత్వపు శిక్షాస్మృతి.

మెకాలే నాయకత్వంలో 1837లో శిక్షాస్మృతి ముసాయిదాను సిద్ధం చేసిన కమిషనర్లకు గర్భస్రావ నిబంధన విషయంలో గట్టి సందేహమే కలిగింది. ఈ దేశంలో అది నీచమైన ప్రయోజనాలకు ఉపయోగపడవచ్చుననీ, ఆరోపణ రుజువు కాకపోయినా కుటుంబ గౌరవానికి మచ్చ మిగులుతుందనీ వారు రాశారు. సందేహం కాగితం మీదనే ఉండిపోయింది, నిబంధన మాత్రం నిలిచింది. 1860లో శాసనమై 1862 జనవరి 1న అమలులోకి వచ్చిన శిక్షాస్మృతి 312వ సెక్షను, స్త్రీ ప్రాణరక్షణకు సద్బుద్ధితో చేసినది తప్ప, గర్భస్రావం కలిగించడాన్ని నేరంగా ప్రకటించింది. శిక్ష మూడేళ్ల వరకు, శిశువు కదలిక మొదలైన తరువాతనైతే ఏడేళ్ల వరకు. తనకు తాను గర్భస్రావం చేసుకొన్న స్త్రీ కూడా దోషియే అని వివరణ జోడించింది. శిశుజననాన్ని దాచడానికి శవాన్ని రహస్యంగా తొలగించడం 318వ సెక్షను కింద వేరే నేరం. ఈ సెక్షన్లకు మొదట ఎదురయ్యేది ఎవరో ఊహించడం కష్టం కాదు: గర్భాన్ని దాచుకోక తప్పని స్త్రీ, ముఖ్యంగా వితంతువు.

సంస్కర్తలు ‘భ్రూణహత్య’ పదాన్ని చేపట్టినది ఇక్కడే. 1855లో ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు వితంతు వివాహ సమర్థనలో శాస్త్రప్రమాణాలతో పాటు భ్రూణహత్యా పాపాన్ని కూడా ఎత్తిచూపాడు. మరుసటి ఏడు వితంతు పునర్వివాహ చట్టం వచ్చింది. రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం 1879 ఉపన్యాసాలలో, ‘వివేకవర్ధని’ రచనలలో సాగించిన వాదానికీ ఈ రెండు చేతులూ ఉన్నాయి. ఒకటి శాస్త్రసమ్మతి, రెండవది బాలవితంతువుల నిర్బంధ వైధవ్యం వల్ల లోకంలో చాటుగా జరుగుతున్న అనర్థం. 1881 డిసెంబరు 11న ఆయన తొలి వితంతు వివాహం జరిపించాడు. అదే ఏడు సూరతులో విజయలక్ష్మి అనే బ్రాహ్మణ వితంతువుకు శిశుహత్యా నేరంపై మరణశిక్ష పడి, అప్పీలులో ద్వీపాంతరవాసంగా మారింది. ఆ సందర్భంలో స్త్రీలపై కురిసిన దూషణే తారాబాయి శిందే మరాఠీలో 1882లో ‘స్త్రీపురుష తులన’ రాయడానికి ప్రేరణ.

సంస్కర్తల చేతిలో పదం దిశ మారింది. ధర్మశాస్త్రంలో భ్రూణహత్య కర్తకు అంటే పాపం. వీరేశలింగం వాదంలో ఆ పాపం వైధవ్యాన్ని విధించిన సంఘానికి అంటుకొంది. స్త్రీ ముద్దాయి స్థానం నుంచి సాక్ష్యం స్థానానికి జరిగింది. ఇది చిన్న మార్పు కాదు. కాని సాక్ష్యంగా నిలిచినవారికి నిర్ణయాధికారం ఉండదు. సంస్కర్తలు చూపిన పరిష్కారం వివాహం. గర్భం ఉంచుకోవాలా వద్దా అన్నది ఆ వాదంలో ప్రశ్నే కాలేదు. మారుమనువు ఆచారంగా ఉన్న కులాల స్త్రీలు ఆ వాదపు పరిధిలోకే రాలేదు.

న్యాయస్థానంలో మాత్రం ముద్దాయి స్థానం ఖాళీగా లేదు. రాజమహేంద్రవర వివాహం జరిగిన అయిదేళ్లకు, 1886లో, మద్రాసు హైకోర్టు ఎదుటకు ఆదెమ్మ అనే స్త్రీపై కేసు వచ్చింది. ఆమె గర్భం ఒక నెలది మాత్రమేననీ, పిండమని గాని శిశువని గాని చెప్పదగినది ఏదీ ఏర్పడలేదనీ కింది కోర్టు ఆమెను విడిచిపెట్టింది. తెలుగు మాటలో చెప్పాలంటే ఆమె ‘నెల తప్పిన’ స్త్రీ, అంతే. హైకోర్టు ఆ తర్కాన్ని అంగీకరించలేదు. గర్భధారణ జరిగిన క్షణం నుంచే శిశువును కాపాడడం కాబోయే తల్లి పరమ కర్తవ్యమనీ, ఏ దశ అన్నది నేరానికి అడ్డు కాదనీ తీర్పు చెప్పింది. మనువు ‘తెలియని గర్భం’ కంటే ఈ తీర్పు ఒక అడుగు ముందుకు వేసింది: ఇంకా ఏర్పడనిదాన్ని కూడా శిశువుగా లెక్కించింది. సంప్రదాయం కఠినం, ఆధునిక న్యాయం ఉదారం అనే వాడుక భావన ఈ ఒక్క కేసు ముందే తడబడుతుంది. పరాశరుడు మైలకు చేసిన పాటి దశావిభాగం కూడా తొలినెల గర్భానికి మద్రాసులో దక్కలేదు.

ఆ తరువాతి ఎనభై ఏళ్లు చట్టం కదలలేదు. 1964లో ఏర్పడిన శాంతిలాల్ షా సంఘం 1966లో నివేదిక ఇచ్చింది. అరకొర చేతులలో పడి స్త్రీలు ప్రాణాలు పోగొట్టుకోవడమే చర్చకు ఆధారం. 1971లో చట్టం వచ్చి 1972 ఏప్రిల్ 1న అమలైంది. దాని ఆంగ్లనామంలో ‘అబార్షన్’ లేదు, ‘మెడికల్ టెర్మినేషన్’ ఉంది. తెలుగులో అది ‘గర్భవిచ్ఛిత్తి’ అయింది. పేరు మారినా నిర్మాణం పాతదే. చట్టం స్త్రీకి హక్కునిచ్చానని చెప్పదు, నిర్ణీత షరతులలో గర్భవిచ్ఛిత్తి చేసిన నమోదిత వైద్యుడు దోషి కాడని చెబుతుంది. గర్భనిరోధక సాధనం విఫలమైతే మినహాయింపు వివాహితకే. వయోజనురాలి విషయంలో భర్త సమ్మతి అక్కరలేదన్నది మాత్రం ఆనాటికి సాహసమే.

‘భ్రూణహత్య’ మళ్లీ వినిపించింది 1990లలో. గర్భస్థ లింగనిర్ధారణను నిషేధించే 1994 చట్టం 1996లో అమలులోకి వచ్చింది. ఆరేళ్లలోపు పిల్లల్లో వెయ్యిమంది బాలురకు బాలికల సంఖ్య 1991లో 945 ఉండగా 2001 జనగణనలో 927కు పడిపోయింది. ఆడపిల్లల పక్షాన సాగిన ప్రచారం న్యాయమైనదే. కాని ఎంచుకొన్న మాట ప్రాచీనమైనది, పదునైనది. ఈ చట్టం నిషేధించినది లింగ ఎంపికను; మాట నిందించినది గర్భస్రావాన్నే. గోడరాతల్లో ‘భ్రూణహత్య మహాపాపం’ చదివిన స్త్రీ, ఎనిమిదో వారంలో చట్టబద్ధంగా ఆసుపత్రికి వచ్చినా నేరస్థురాలిగానే రావలసి వస్తుంది. వీరేశలింగం సంఘంపైకి తిప్పిన పదం వందేళ్ల తరువాత తిరిగి ఆమె వైపే మళ్లింది.

న్యాయస్థానం ఈలోగా కొంత దూరం నడిచింది. సంతానం విషయంలో స్త్రీ ఎంపిక 21వ అధికరణలోని వ్యక్తి స్వేచ్ఛలో భాగమని సుప్రీంకోర్టు 2009లో చెప్పింది. 2021 సవరణ ‘వివాహిత, ఆమె భర్త’ అన్నచోట ‘స్త్రీ, ఆమె భాగస్వామి’ అని చేర్చి, కొన్ని వర్గాల స్త్రీలకు గడువును 24 వారాలకు పెంచింది. 2022 సెప్టెంబరు 29 తీర్పు అవివాహితలకూ ఆ గడువు వర్తిస్తుందని తేల్చింది. మరుసటి ఏడు అక్టోబరులో అదే కోర్టు 26 వారాలు దాటిన ఒక వివాహితకు అనుమతి నిరాకరించింది.

2024 జూలై 1న శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమలైంది. 312వ సెక్షను అందులో 88వ సెక్షనుగా మారింది. శిశువు కదలికకు ముందు, తరువాత అనే భేదం అలాగే ఉంది. ఆదెమ్మను బోనెక్కించిన వివరణ కూడా దాని కింద అలాగే ఉంది.