కండ పట్టాలంటే రోజుకు ఎంత ప్రొటీన్? మెస్ తిండితోనే లెక్క చూసుకోండి

క్యాంపు దగ్గర జిమ్‌లో చేరిన తమ్ముళ్లు మొదట అడిగేది ఏ పౌడర్ డబ్బా కొనాలని. డబ్బా సంగతి తర్వాత. ముందు మీ ఒంటికి ఎంత కావాలో, తినేదాంట్లో ఎంత వస్తోందో చూసుకోండి.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో చెప్పిన ప్రకారం ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు కిలో బరువుకు రోజూ 0.83 గ్రాముల ప్రొటీన్ సరిపోతుంది. అంటే 70 కిలోల మనిషికి సుమారు 58 గ్రాములు. బరువులెత్తి కండ పెంచాలంటే ఇది చాలదు. కిలోకు 1.2 నుంచి 1.6 గ్రాములు, అదే మనిషికి 84 నుంచి 112 గ్రాములు పడాలి. అంతకు మించి తింటే చాలామందికి పెద్దగా లాభం ఉండదు. రోజుకు 250 గ్రాములు తినమని ఎవరైనా చెబితే నవ్వి ఊరుకోండి.

ఇక మన తిండి. గుడ్డుకు 6 గ్రాముల చొప్పున మూడు గుడ్లు తింటే 18. రెండు గ్లాసుల లబన్‌కు 12. పావుకిలో బియ్యం అన్నంలో 17 దాకా ఉంటుంది, ఇది చాలామంది లెక్కలోకే తీసుకోరు. రెండు ఖుబ్బూస్‌లకు సైజును బట్టి 15. యాభై గ్రాముల కందిపప్పుకు 11. ఎముక లేని పచ్చి చికెన్ 150 గ్రాములు వండుకుంటే 30 పైనే. గుప్పెడు పల్లీలకు 7. మొత్తం దగ్గర దగ్గర 110. డబ్బా లేకుండానే!

కానీ చిక్కంతా ఆ పప్పు దగ్గరే ఉంది. కొన్ని మెస్‌లలో గరిటె వేస్తే నీళ్లే తగులుతాయి. అలాంటి చోట ఆ 11 గ్రాములు రావు. రాత్రి అలసిపోయి పచ్చడన్నంతో సరిపెట్టుకుంటే ఇంకో 30 పోతాయి. రూములో నలుగురు కలిసి శనగలు నానబెట్టుకుని ఉడికించుకుంటే చవకలో పని అవుతుంది. శుక్రవారం కిలో చికెన్ లాగించి, మిగతా ఆరు రోజులు పచ్చడితో గడిపితే మాత్రం లాభం లేదు. ఒళ్లు కొవ్వును దాచుకున్నట్టు ప్రొటీన్‌ను దాచుకోదు. అందుకే పూటకు 25, 30 గ్రాములు పడేలా చూసుకోండి.

సైట్‌లో పనిచేసేవాళ్లు ఇంకో పొరపాటు చేస్తుంటారు. కండ కోసమని అన్నం, ఖుబ్బూస్ మానేస్తారు. పొద్దంతా బరువులు మోసే ఒంటికి శక్తి చాలకపోతే తిన్న ప్రొటీన్‌నే ఇంధనంగా కాల్చేసుకుంటుంది. కడుపునిండా తిని, రోజుకు ఏడు గంటలు నిద్రపోండి. డ్యూటీ, ఓవర్‌టైమ్, ఆపై జిమ్ అయితే నిద్రే ముందు తగ్గేది.

పౌడర్ విషం కాదు, మందూ కాదు. ఒక స్కూపులో 20 నుంచి 25 గ్రాములు, అంటే నాలుగు గుడ్లంత. గుడ్లతో పోల్చి ధర చూసుకోండి, ఇంటికి పంపే డబ్బులో కోసుకుని కొనాల్సిన వస్తువు మాత్రం కాదు. జిమ్‌లో ఎవరైనా ఇంజెక్షన్, మాత్ర అంటే అది ప్రొటీన్ కాదు, స్టెరాయిడ్ అయ్యుంటుంది. గుండె, లివర్ దెబ్బతింటాయి, పిల్లలు పుట్టే అవకాశం కూడా తగ్గుతుంది. పెళ్లికని లీవు మీద వెళ్లబోయేవాళ్లు దీన్ని బాగా గుర్తుపెట్టుకోవాలి.

కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడగకుండా ప్రొటీన్ పెంచకూడదు. సమస్య ఉందని తెలియనివాళ్లూ ఉంటారు. ఎండలో నీళ్లు తాగకుండా రోజూ చెమటోడిస్తే కిడ్నీలు దెబ్బతింటాయి, అదీ నొప్పి లేకుండా. షుగర్, బీపీ ఉన్నా, మూత్రంలో నురగ కనిపించినా, కాళ్లు వాచినా ముందు క్రియాటినిన్ రక్తపరీక్ష, మూత్రపరీక్ష చేయించుకోండి. జిమ్ తర్వాత చూసుకోవచ్చు.

ఇంటి దగ్గరున్న అక్కలకు, అమ్మలకు ఒక మాట. ఊరి నుంచి ఎవరైనా వస్తుంటే పచ్చడి సీసాతో పాటు కిలో వేయించిన పల్లీలు కూడా పంపండి. రోజుకో గుప్పెడు చొప్పున నెల రోజులు వస్తాయి, రూమ్మేట్ల కంట పడకపోతే.